రాకెట్లు, ఫ్యూజన్ వార్తలు: ఒక పాత డైరీతో ఎలా ఫాలో అవ్వాలి?

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు తిరుపతిలో మా వీధి సగం మిద్దెల మీదే ఉంటుంది. అందరూ తూర్పు వైపు తిరిగి, ఫోన్‌లో లైవ్ పెట్టుకుని నిలబడతారు. మబ్బు లేకపోతే, ఎగిరిన ఓ నిమిషానికి ఎదురిళ్ల ట్యాంకుల పైన ఒక నిప్పు చుక్క లేస్తుంది. దాని వెనకాల తెల్లటి పొగ. రెండు మూడు నిమిషాల్లో అంతా అయిపోతుంది, జనం దిగిపోతారు. ఒకసారి మా అక్క కొడుకు మాత్రం దిగలేదు. ఏడో తరగతి వాడు.

"మామా, అది వెనక్కి ఎప్పుడొస్తుంది?"

"రాదురా. సముద్రంలో పడిపోతుంది."

"అమెరికా వాళ్లది వస్తుంది కదా?"

వాడికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రోజూ వార్తలు చూస్తూనే ఉన్నా, ఎవరి రాకెట్ ఎంతవరకు వచ్చిందో, ఆ "కృత్రిమ సూర్యుడు" (సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీసే ఫ్యూజన్) కథ ఎక్కడుందో ముక్కలు ముక్కలుగా తప్ప తెలియదు. అప్పుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. సైన్స్ చదివి ఉండక్కర్లేదు. ఒక పాత డైరీ, ఒక పెన్ను, ఒక పెన్సిల్, ఆదివారం ఒక అరగంట ఉంటే చాలు. మా ఇంట్లో ఏటా రెండు మూడు టీటీడీ డైరీలు చేరతాయి. ఒకదాంట్లో అమ్మ పాల లెక్క రాస్తుంది, మిగతావి ఖాళీ. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది.

1. పేజీని నిలువుగా రెండుగా గీయండి

ఎడమ వైపు "అన్నారు", కుడి వైపు "అయింది" అని రాయండి. మొత్తం పద్ధతిలో ముఖ్యమైన పని ఇదే.

ఏ వార్త ఎటు వెళ్లాలో తెలియాలంటే వాక్యం చివర క్రియ తోక చూస్తే సరిపోతుంది. "ప్రయోగించనుంది", "సాధించబోతోంది", "అందుబాటులోకి రానుంది" అని ఉంటే ఎడమ వైపు, పెన్సిల్‌తో. "దిగింది", "ఎగిరింది", "వచ్చింది" అని ఉంటే కుడి వైపు, పెన్నుతో. మొదటి నెల ఇలా చేస్తే ఎడమ వైపు నిండిపోతుంది, కుడి వైపు నాలుగు లైన్లు కూడా ఉండవు. కంగారు పడకండి, మామూలే.

హెడ్డింగ్ చూసి రాయకండి, లోపల వార్త చదివి రాయండి. హెడ్డింగ్‌లో "సాధించింది" అని ఉండి, లోపల మూడో పేరాలో "సాధించే దిశగా" అని ఉన్నవి నేను బోలెడు చూశాను. ఒక ఛానల్‌లో అయితే కంప్యూటర్ బొమ్మనే నిజం వీడియోలా వేశారు. ఆ రాకెట్ అప్పటికి నేల మీదే ఉంది.

2. రాకెట్ వార్తకు నాలుగు ప్రశ్నలు వేయండి

ఏ భాగం వెనక్కి వచ్చింది? ఎలా వచ్చింది? అదే భాగం మళ్లీ ఎగిరిందా? ఎన్ని రోజులకు?

"పునర్వినియోగ రాకెట్" అనగానే రాకెట్ మొత్తం తిరిగొస్తుందనుకుంటాం. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9లో వచ్చేది మొదటి దశ, అంటే బూస్టర్. ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలే పై దశ ఇప్పటికీ ప్రతిసారీ కొత్తదే. ఆ బూస్టర్ దిగడం ఒకసారి లైవ్‌లో శ్రద్ధగా చూడండి. విడిపోయాక అది తొమ్మిది ఇంజిన్లలో మూడింటిని మళ్లీ వెలిగించి వేగం తగ్గించుకుంటుంది. జల్లెడ లాంటి నాలుగు రెక్కలతో దారి సరిచేసుకుంటుంది. చివర్లో నడిమధ్య ఉన్న ఒక్క ఇంజిన్ వెలిగించి, కాళ్లు చాపి నిలబడుతుంది. ఇలా దిగడానికి ఇంధనం మిగుల్చుకోవాలి. ఆ మేరకు మోసే బరువు తగ్గుతుంది. తిరిగిరావడం ఉచితంగా జరిగే పని కాదు.

మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న ఎందుకు ముఖ్యమో నా డైరీలో పక్కపక్కనున్న లైన్లు చూస్తే అర్థమవుతుంది. ఫాల్కన్ 9 బూస్టర్ మొదటిసారి నేల మీద దిగింది 2015 డిసెంబర్‌లో. ఒకసారి ఎగిరిన బూస్టర్ రెండోసారి ఎగిరింది 2017 మార్చి 30న. ఆ బూస్టర్ రెండు ప్రయాణాల మధ్య దాదాపు ఏడాది గడిచింది. 2025 మార్చికి వచ్చేసరికి ఒక బూస్టర్ 9 రోజుల్లోనే మళ్లీ ఎగిరింది. ఇంకో బూస్టర్ ఇప్పటికే 30 సార్లు దాటింది. దిగిన వీడియోలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. అసలు ముందడుగు ఏడాది నుంచి తొమ్మిది రోజులకు తగ్గడం.

దీనికి వ్యతిరేకం అమెరికా స్పేస్ షటిల్. 1981 నుంచి 2011 వరకు 135 సార్లు ఎగిరింది. రన్‌వే మీద చక్కగా దిగేది. కానీ పెద్ద ఇంధన ట్యాంకు ప్రతిసారీ పోయేది, మళ్లీ ఎగరాలంటే నెలల తరబడి మరమ్మతులు. కాబట్టి "దిగింది" అనగానే చప్పట్లు కొట్టేసి పుస్తకం మూసేయకండి. "మళ్లీ ఎగిరింది" అని రాయడానికి ఒక ఖాళీ లైన్ వదలండి.

స్పేస్‌ఎక్స్ వాళ్ల పెద్ద రాకెట్ స్టార్‌షిప్ విషయంలో ఆ ఖాళీ లైన్ బాగా పనికొచ్చింది. 2024 అక్టోబర్ 13న, అంటే దసరా మరుసటి రోజు ఆదివారం సాయంత్రం, టెక్సాస్‌లో 33 ఇంజిన్ల బూస్టర్‌ను లాంచ్ టవర్ తన రెండు చేతులతో గాల్లోనే పట్టుకుంది. రోటీని పటకారతో పట్టుకున్నట్లు. నేను అరిచిన అరుపుకు వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. 2025 జనవరిలో పట్టుకున్న బూస్టర్‌ను అదే ఏడాది మే 27న రెండోసారి ఎగరేశారు. అది పైకి బాగానే వెళ్లింది, దిగేటప్పుడు పోయింది. నా పేజీలో అది "మళ్లీ ఎగిరింది, రాలేదు" అని ఉంది. ఇలాంటి సగం సగం ఫలితాలను సగంగానే రాయండి.

మిగతావాళ్లకు ఒక్కో లైన్ చాలు. బ్లూ ఆరిజిన్ కంపెనీ రాకెట్ న్యూ గ్లెన్ మొదటి ప్రయోగంలో, 2025 జనవరిలో, కక్ష్య చేరింది కానీ బూస్టర్ పోయింది. నవంబర్ 13న రెండో ప్రయోగంలోనే ఓడ మీద దింపేశారు. చైనా ప్రైవేటు రాకెట్ జుచే-3 2025 డిసెంబర్‌లో కక్ష్య చేరింది, బూస్టర్ దిగబోతూ కాలిపోయింది.

3. మన ఇస్రోకు వేరే పేజీ పెట్టండి

మన వార్తల్లో గందరగోళం ఎక్కువ. ప్రేమ వల్లనే అనుకోండి. ఇస్రో రెక్కల వాహనం "పుష్పక్" దిగింది అనగానే అంతరిక్షం నుంచి దిగిందని చాలామంది అనుకున్నారు. కర్ణాటకలో చిత్రదుర్గ దగ్గర చళ్లకెరెలో 2023 ఏప్రిల్ నుంచి 2024 జూన్ వరకు జరిగిన మూడు పరీక్షల్లోనూ దాన్ని వాయుసేన చినూక్ హెలికాప్టర్ నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలింది. అక్కడి నుంచి తనంతట తాను రన్‌వే వెతుక్కుని దిగింది. మూడోసారి కావాలనే 500 మీటర్లు పక్కకు వదిలారు, గంటకు 320 కిలోమీటర్లకు పైగా వేగంతో నేల తాకింది. ప్రయాణికుల విమానం కంటే చాలా వేగం. ఇది చిన్న పని కాదు. కానీ అంతరిక్షం నుంచి రావడమూ కాదు. రెండూ ఒకే లైన్‌లో రాయొచ్చు, దేశభక్తికి లోటేం రాదు.

ఇంతకుముందు 2016 మే 23న దీని నమూనాను శ్రీహరికోట నుంచే 65 కిలోమీటర్ల ఎత్తుకు పంపి బంగాళాఖాతం మీద దింపారు. ఎడమ వైపు పెన్సిల్‌తో రాయాల్సినవి రెండున్నాయి. ఒకటి, మొదటి దశ తిరిగొచ్చేలా కట్టే కొత్త తరం రాకెట్ ఎన్‌జీఎల్‌వీ. 2024 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ 8,240 కోట్లతో ఆమోదించింది. దిగువ కక్ష్యకు 30 టన్నులు మోయాలన్నది లక్ష్యం. రెండోది, దానికోసం శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్. 2025 జనవరిలో ఆమోదం వచ్చింది. 2022 నుంచి శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోదే కాబట్టి ఇది జిల్లా వార్త కూడా.

4. ఫ్యూజన్ వార్తను కరెంటు యూనిట్లలోకి మార్చండి

ఇది నేను సిగ్గుపడి నేర్చుకున్న స్టెప్. 2022 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ లేజర్లతో చేసిన ఫ్యూజన్‌లో పెట్టినదానికంటే ఎక్కువ శక్తి రాబట్టిందని వార్త వచ్చింది. నేను మా అపార్ట్‌మెంట్ గ్రూపులో "ఇక కరెంటు బిల్లులు ఉండవు" అని పెట్టేశాను. కింది ఫ్లోర్‌లో కరెంటు శాఖలో రిటైరైన పెద్దాయన ఉన్నారు. లిఫ్ట్ దగ్గర పట్టుకున్నారు.

"ఏం సామీ, ఎన్ని యూనిట్లు వచ్చిందంట?"

"3.15 మెగాజౌల్స్ సార్."

"నేను అడిగింది యూనిట్లు."

ఇంటికెళ్లి లెక్కేశాను. ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌల్స్. అంటే వచ్చింది ఒక్క యూనిట్ కూడా కాదు. పది లీటర్ల నీళ్లు మరిగించడానికి సరిపోతుంది, అంతే. సరే, లాభమైతే వచ్చింది కదా? లోపలికి వెళ్లిన లేజర్ శక్తి 2.05, బయటికి వచ్చింది 3.15. కానీ ఆ 192 లేజర్లను వెలిగించడానికి గోడ నుంచి లాగిన కరెంటు సుమారు 300 మెగాజౌల్స్, ఎనభై యూనిట్లకు పైనే. టిఫిన్ సెంటర్ వాడు దోసె పిండి ఖర్చొకటే లెక్కేసి, గ్యాసు, అద్దె, మాస్టర్ జీతం వదిలేసి "లాభం" అన్నట్లు. పైగా వచ్చింది కరెంటు కాదు, వేడి. దాన్ని కరెంటుగా మార్చేటప్పుడు ఇంకొంత పోతుంది.

అయినా అది పెద్ద విజయమే. పిండి దగ్గర కూడా అంతవరకు ఎవరికీ లాభం రాలేదు. అదే ల్యాబ్ 2025 ఏప్రిల్‌లో 8.6 మెగాజౌల్స్ రాబట్టింది, దాదాపు అంతే లేజర్ శక్తితో. డైరీలో మీరు గమనించాల్సింది ఆ పెరుగుదల. ప్రతి ఫ్యూజన్ వార్తకూ రెండు అంకెలు రాయండి: ఎక్కడి నుంచి లెక్క మొదలుపెట్టారు, ఎన్ని యూనిట్లు.

5. మూడు పందేలను కలపకండి

ఫ్యూజన్‌లో ప్లాస్మాను (విపరీతంగా వేడెక్కి విద్యుదావేశం పొందిన వాయువును) ఎంత వేడి చేశారు, ఎంతసేపు పట్టి ఉంచారు, ఎంత శక్తి వచ్చింది అనేవి వేర్వేరు పందేలు. ఒకదాంట్లో గెలిచినవాడు మరోదాంట్లో ఉండకపోవచ్చు.

2025 జనవరిలో చైనా ఈస్ట్ యంత్రం 1,066 సెకన్లు ప్లాస్మాను నిలిపింది. మరుసటి నెలే ఫ్రాన్స్‌లోని వెస్ట్ యంత్రం 1,337 సెకన్లు నిలిపి రికార్డు లాక్కుంది. ఈ రెండింట్లోనూ అసలు ఇంధనమైన డ్యూటీరియం, ట్రిటియం (బరువైన హైడ్రోజన్ రకాలు) మిశ్రమం వేయలేదు. పొయ్యి ఎంతసేపు ఆరకుండా ఉంటుందో చూశారు, అన్నం వండలేదు. ఇంగ్లండ్‌లోని జెట్ యంత్రం వండింది. 2023లో ఐదారు సెకన్లలో 69 మెగాజౌల్స్, మన లెక్కలో 19 యూనిట్లు, 0.2 మిల్లీగ్రాముల ఇంధనంతో. ఆ డిసెంబర్‌లోనే దాన్ని మూసేశారు. కాబట్టి "చైనా రికార్డు బద్దలు" అని చూస్తే ఏ పందెంలో అని అడిగి, ఆ కాలమ్‌లోనే వేయండి.

6. ఎడమ వైపు తేదీలను చెరిపేయకండి

గడువు మారితే పాతదాన్ని రబ్బరుతో తుడిచేయకుండా అడ్డంగా కొట్టేసి పక్కన కొత్తది రాయండి. ఫ్రాన్స్‌లో చాలా దేశాలు కలిసి కడుతున్న ఫ్యూజన్ యంత్రం ఐటర్ దీనికి మంచి ఉదాహరణ. మనమూ అందులో భాగస్వాములం. దాని చుట్టూ ఉండే 3,850 టన్నుల ఉక్కు పాత్ర, క్రయోస్టాట్, గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ తయారుచేసింది. మొదట్లో 2016కే ప్లాస్మా వెలుగుతుందన్నారు. తర్వాత 2025 అన్నారు. 2024లో మళ్లీ మార్చి, పరిశోధన 2034లో మొదలై, అసలు ఇంధనంతో పని 2039లో అన్నారు. నా డైరీలో ఆ లైన్ చూస్తే మా వీధి డ్రైనేజీ పనులు గుర్తొస్తాయి.

ప్రైవేటు కంపెనీల మాటలూ ఇక్కడే. హీలియన్ అనే అమెరికా ఫ్యూజన్ కంపెనీ 2028కల్లా మైక్రోసాఫ్ట్‌కు కరెంటిస్తానంది. పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను.

7. ఎక్కడ చూడాలి, ఎప్పుడు చూడాలి

వార్త నిజమో కాదో తేల్చుకోవడానికి పని చేసినవాళ్ల దగ్గరికే వెళ్లండి. ఇస్రో వెబ్‌సైట్, యూట్యూబ్ లైవ్, తెలుగులో పీఐబీ (కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ) ప్రకటనలు, ఫ్యూజన్‌కు ఐటర్, లివర్‌మోర్ సొంత పేజీలు. ఇంగ్లిష్ కష్టమైతే అంకెలు, తేదీలు చూసుకున్నా చాలు. విదేశీ ప్రయోగాల సమయం చాలాసార్లు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఇస్తారు, దానికి ఐదున్నర గంటలు కలపండి. 12:25 అంటే మనకు సాయంత్రం 5:55. కౌంట్‌డౌన్ ఆపేస్తే దాన్ని ఫెయిల్యూర్ అని రాయకండి, "వాయిదా" అని రాయండి.

దగ్గరి నుంచి చూడాలంటే శ్రీహరికోటలో 2019 నుంచి సందర్శకుల గ్యాలరీ ఉంది. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 300 రూపాయల దర్శనం టికెట్లు బుక్ చేసిన అనుభవం ఉన్నవాళ్లకు ఎంత చురుగ్గా ఉండాలో నేను చెప్పక్కర్లేదు. దొరకకపోతే మిద్దె ఎలాగూ ఉంది. తూర్పు వైపు ఎత్తైన బిల్డింగ్ అడ్డం లేని మూల ముందురోజే చూసి పెట్టుకోండి. లైవ్ కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఒక కన్ను ఆకాశం మీదే ఉంచండి.

దిగి వచ్చాక డైరీ తీసి రాయండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని మేనల్లుడిదే. తేదీ, రాకెట్ పేరు, ఏం మోసుకెళ్లింది అన్నీ రాస్తాడు. "వెనక్కి వచ్చిందా?" అన్న గడిలో ప్రతిసారీ ఒకటే మాట: "బంగాళాఖాతం." పక్కన మాత్రం ఒక గడి ఖాళీగా వదిలి, పైన పెన్సిల్‌తో ఎన్‌జీఎల్‌వీ అని రాసుకున్నాడు.