ఎత్తున పనిచేసేవారికి స్వయంశిక్షణ – మూడో పాఠం: హుక్కు దేనికి తగిలించాలి?

రెండో పాఠంలో హార్నెస్ (పడితే ఆపడానికి ఒంటికి తొడుక్కునే పట్టీల బెల్టు) తొడుక్కునే క్రమాన్ని, వీపు మీది డి-రింగు రెండు భుజాల ఎముకల మధ్యకు వచ్చేలా పట్టీలు సర్దుకోవడాన్ని నేర్చుకున్నాం. ఆ డి-రింగుకు కలిపిన లాన్యార్డు (పొట్టి రక్షణ తాడు) రెండో కొసన ఉండే హుక్కు సంగతి ఈ పాఠంలో చూద్దాం. ‘బెల్టు పెట్టుకున్నావా?’ అని అడిగే మేస్త్రీలు మన దగ్గర ఇప్పుడు చాలామందే ఉన్నారు కాని, ‘హుక్కు దేనికి తగిలించావు?’ అని పైకెక్కి చూసేవారు తక్కువ. భారత ప్రమాణం ఐ.ఎస్. 3521 ముద్ర ఉన్న మంచి హార్నెస్ కొని, దాని హుక్కును నీళ్ల పైపుకు తగిలిస్తే, ఆ మనిషికి ఉన్న రక్షణ నీళ్ల పైపుకు ఉన్న బలమంతే.

ముందుగా ఒక లెక్క చూడండి. ఒంటి బరువూ పనిముట్లూ కలిపి 80 కిలోలున్న మనిషి 1.8 మీటర్లు కిందికి పడడానికి 0.6 సెకను పడుతుంది. అప్పటికి అతని వేగం గంటకు 21 కిలోమీటర్లు దాటుతుంది. సాగని తాడు ఆ మనిషిని పది సెంటీమీటర్ల లోపల ఆపితే శరీరం మీదా, హుక్కు తగిలించిన చోటు మీదా సగటున 15 కిలోన్యూటన్ల బలం, అంటే ఒకటిన్నర టన్నుల బరువు వేలాడినంత లాగుడు పడుతుంది. లాన్యార్డులో మడిచి కుట్టిన షాక్ అబ్జార్బరు ఇక్కడ పనికివస్తుంది: దాని కుట్లు వరసగా తెగుతూ సుమారు ఒక మీటరు మేర సాగి, లాగుడును 6 కిలోన్యూటన్లకు మించనివ్వవు. అయినా అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన, ఒక్కో మనిషికి యాంకరు (హుక్కు తగిలించే చోటు) 22.2 కిలోన్యూటన్లు (సుమారు 2,268 కిలోలు) తట్టుకోవాలని, లేదా అర్హుడైన వ్యక్తి పర్యవేక్షణలో రెండింతల భద్రతతో రూపొందించి ఉండాలని చెబుతుంది. ఇంత ఎక్కువ అడగడం అతి జాగ్రత్త కాదు. కంటికి కనబడని తుప్పు, సగం పట్టిన వెల్డింగు, లెక్కకు మించిన పతనం, వీటన్నిటికీ చోటు వదలాలి.

ఇక మన ఊరి పనికి వద్దాం. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గోదాములకు, కోల్డు స్టోరేజీలకు వానలు పడకముందే రేకులు మార్చే పని ఎక్కువగా జరుగుతుంది. పైకెక్కిన మనిషికి ముందుగా చేతికందేది రేకును బిగించిన జె-బోల్టు. హుక్కు దానికి సరిగ్గా పడుతుంది కూడా. అందుకే అది ప్రమాదం. ఆ బోల్టు రేకు గాలికి లేవకుండా పట్టుకోవడానికి పెట్టినదే కాని మనిషిని ఆపడానికి కాదు. సన్నని రేకుతో వంచిన పర్లిన్లు (పైకప్పు రేకులను మోసే అడ్డ కమ్మీలు), కేబుల్ ట్రేలు, రెయిలింగు గొట్టాలు, ఏసీ స్టాండ్లు, పరంజా సరుగుడు కర్రలు, పిట్టగోడలో మిగిలిపోయిన చువ్వ ముక్కలు, ఇవేవీ యాంకర్లు కావు. ట్రస్ (పైకప్పును మోసే ఇనుప చట్రం) సభ్యాలు కలిసే జాయింటు, ఉక్కు కాలమ్, కాంక్రీటు బీమ్ లాంటి భవనపు అసలు ఎముకలనే వెతకాలి. వాటి బలాన్ని కూడా ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

చోటు దొరికాక కూడా చేత్తో తడిమి చూడాలి. రంగు పొంగి బుడగలా లేచిన చోట గోటితో గీకితే ఒక్కోసారి పొరలు పొరలుగా తుప్పు రాలుతుంది. ఆ చోటు వదిలేయండి. యాంగిల్ ఇనుము అంచు పదునుగా ఉంటుంది కాబట్టి గుడ్డ స్లింగును (హుక్కు తగిలించడానికి వేసే పట్టీని) దాని చుట్టూ నేరుగా చుట్టకూడదు. అంచుకు రక్షణ తొడుగు వేయాలి, లేదా వైర్ రోపు స్లింగు వాడాలి. హుక్కు గేటు పూర్తిగా మూసుకుని, లాకు పడిన చప్పుడు విన్నాకే బరువు మార్చాలి. చోటు మారేటప్పుడు రెండు హుక్కుల లాన్యార్డుతో ఒకటి తగిలించాకే రెండోది విప్పాలి.

బలం తరవాత చూడవలసింది ఎత్తు. లాన్యార్డు 1.8 మీటర్లు, అబ్జార్బరు సాగుడు 1.1, డి-రింగు నుంచి పాదాల దాకా 1.5, హార్నెస్ సాగుడు 0.3, పాదాలకూ నేలకూ మధ్య మిగలవలసిన ఖాళీ 1 మీటరు: మొత్తం 5.7 మీటర్లు. దీన్ని యాంకరు నుంచి కిందికి కొలవాలి. అయిదు మీటర్ల ఎత్తు షెడ్డు మీద నిలబడి కాళ్ల దగ్గర హుక్కు తగిలించినవాడు లాన్యార్డు ఆపేలోపే నేలను తాకవచ్చు. పైగా అతని పతనం 1.8 కాదు, డి-రింగు ఎత్తు కూడా కలిసి 3.3 మీటర్లు. అందుకే యాంకరు తలకు పైన ఉండాలంటారు. ఖాళీ చాలని చోట పడ్డాక ఆపడం గురించి కాక, అసలు అంచు దాకా పోనివ్వని పొట్టి తాడు గురించి, అంచున కట్టే రెయిలింగు గురించి ఆలోచించాలి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి కర్మాగారాల చట్టం 32వ సెక్షను కూడా పడిపోయే ఎత్తులో పని గురించి చెబుతూ ముందు పేర్కొన్నది కంచెనే.

యాంకరుకు పక్కగా దూరం జరిగి పడితే మనిషి నిలువుగా పడడు. తాడు జారిన చేద బావి ఒరకు కొట్టుకున్నట్టు ఊగిపోయి కాలమ్‌కో గోడకో గుద్దుకుంటాడు. పని ముందుకు సాగినకొద్దీ యాంకరూ వెంట రావాలి.

ఇందుకని చాలాచోట్ల రెండు కాలమ్‌ల మధ్య అడ్డంగా వైరు కట్టి హుక్కు దానికి వేస్తారు. చూడడానికి తేలికైన ఈ పనిలోనే ఎక్కువ లెక్క ఉంది. వైరు మధ్యలో మనిషి పడినప్పుడు అది సమతలానికి 30 డిగ్రీలు కుంగితే ప్రతి కొసకూ పడే లాగుడు మనిషి లాగినంతే. 5 డిగ్రీలే కుంగితే దానికి 5.7 రెట్లు. అంటే 6 కిలోన్యూటన్ల లాగుడు కొసల దగ్గర 34 అవుతుంది. వైరును వీణ తీగలా బిగించడం మంచిదనుకునేవారు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడాలి. ఇలాంటి అడ్డ వైరును, అంటే అడ్డ లైఫ్‌లైనును, ఇంజనీరు లెక్క లేకుండా ఎవరూ కట్టకూడదని నా అభిప్రాయం.

విజయవాడ అపార్ట్‌మెంట్లకు రంగులు వేసేవారికి ఒక మాట: మీరు కూర్చున్న పలక తాడూ, హార్నెస్ రక్షణ తాడూ ఒకే ట్యాంకు స్తంభానికి కట్టకూడదు. రెండు తాళ్లకు రెండు వేరువేరు యాంకర్లు ఉండాలి, రోప్ గ్రాబు (రక్షణ తాడు మీద జారుతూ, మనిషి పడితే బిగుసుకునే పట్టు) ఆ రక్షణ తాడు మందానికి సరిపోయేదై ఉండాలి.

అభ్యాసం: ఆటోనగర్‌లో ఒక షెడ్డు. నేల నుంచి 3 మీటర్ల ఎత్తున్న పరంజా పలక మీద నిలబడి లైట్లు బిగించాలి. పలకకు 2 మీటర్ల పైన ఇంజనీరు ఒప్పుకున్న ట్రస్ జాయింటు ఉంది. మీ లాన్యార్డు 1.8 మీటర్లు. కింది ఖాళీ సరిపోతుందా? లాన్యార్డును 1.2 మీటర్లకు మారిస్తే? రెండు లెక్కలూ వేసి, చాలకపోతే పరంజాలోనే ఏ మార్పు చేయిస్తారో నోటుపుస్తకంలో రాయండి. జవాబు నాలుగో పాఠంలో, హార్నెస్‌లో వేలాడుతున్న మనిషిని కిందికి దించే పద్ధతితో పాటు ఇస్తాం.