పాత బండి పొగ తక్కువ ఖర్చులో తగ్గించడం ఎలా?

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బైకులు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. తాడిపత్రి, ఎర్రగుంట్ల, బేతంచెర్ల దుమ్ములో ఇంకా తిరుగుతున్న కార్బొరేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే భాగం) బండ్లకే ఇక్కడ చెప్పే పద్ధతి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మైలేజీ పెరిగిన కొద్దీ కిలోమీటరుకు వచ్చే ఆ కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది.

స్క్రూడ్రైవరు, ప్లగ్ స్పానరు, పాత గుడ్డ చాలు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత పట్టించండి, చైన్‌కు ఆయిల్ వేయండి, చక్రం చేత్తో తిప్పి బ్రేకు పట్టేస్తోందేమో చూడండి. పొగ నీలంగా వస్తుంటే ఇంజనాయిల్ కాలుతోందని అర్థం. దానికి ఈ పని చాలదు, ఇంజన్ విప్పించాల్సిందే.

ఫోమ్ ఎయిర్ ఫిల్టరైతే సబ్బునీళ్లలో కడిగి, బాగా ఆరాక ఆయిల్ పట్టించి పిండండి. నూనె పట్టించిన కాగితం ఫిల్టరుకు గాలి కొట్టించకూడదు, మార్చేయాలి. కంపెనీ పుస్తకంలోని కిలోమీటర్లు మన దుమ్ముకు చెల్లవు. అందులో సగానికే మార్చండి.

అందరూ చెడగొట్టేది కార్బొరేటర్ మీది మిక్చర్ స్క్రూ దగ్గరే. గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసేది ఇదే. పెట్రోలు పాలు ఎక్కువైతే మిక్చర్ చిక్కన, తక్కువైతే పలచన. చల్లటి ఇంజన్ మీద దాన్ని ముట్టుకోవద్దు. పది నిమిషాలు బండి తోలి రండి. తర్వాత ఆ స్క్రూ ఎక్కడుందో చూడండి. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, బిగిస్తే మిక్చర్ చిక్కనవుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోలు స్క్రూ, బిగిస్తే పలచనవుతుంది. ఇది తెలియకుండా తిప్పేవాళ్లే మైలేజీ పోగొడుతున్నారు.

ఇంజన్ ఆపి, స్క్రూ ఆగేదాకా మెల్లగా బిగించండి. బలం పెడితే స్క్రూ సూది మొన పాడై కార్బొరేటరే మార్చాల్సి వస్తుంది. అక్కణ్నుంచి ఒకటిన్నర చుట్టు వదిలి స్టార్ట్ చేయండి. పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ చెవి పెట్టి వినండి. శబ్దం ఎక్కడ వేగంగా, నిలకడగా ఉందో అక్కడ ఆపి, ఐడిల్ స్క్రూతో (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని సరిచేసేది) వేగం తగ్గించండి. మళ్లీ ఒకసారి ఇదే చేయండి. మరీ పలచన చేస్తే ఇంజన్ వేడెక్కుతుంది. అనంతపురం మే ఎండల్లో గాలి పలచబడి మిక్చర్ చిక్కనవుతుంది కనక చలికాలం సెట్టింగు ఎండాకాలానికి పనికిరాదు.

పెట్రోలు పైపుకు అయస్కాంతాలు కట్టే మైలేజీ కిట్లు కొనకండి. ఆ డబ్బుతో కొత్త ప్లగ్ వేయించండి.

కొన్నాళ్లు తిరిగాక ప్లగ్ విప్పి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే సరే, నల్ల మసి పడితే మిక్చర్ ఇంకా చిక్కగా ఉంది, తెల్లగా పాలిపోతే పలచన. పొల్యూషన్ టెస్టు కాగితంలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) ఎక్కువుంటే మిక్చర్ కొంచెం పలచన చేయండి. సీఓ తక్కువుండి హెచ్‌సీ (కాలకుండా బయటికొచ్చే పెట్రోలు ఆవిరి) ఎక్కువుంటే మాత్రం మరీ పలచనైందో, ప్లగ్ సరిగా వెలగడం లేదో చూడాలి.