చర్చి లైబ్రరీ: సమస్య - పరిష్కారం

చాలా చర్చిల్లో లైబ్రరీ అంటే వెస్ట్రీలోనో (ఆరాధనకు ముందు అయ్యగారు, అంటే పాస్టర్ గారు, సిద్ధమయ్యే గది), సండే స్కూల్ గదిలోనో ఉండే ఇనప బీరువా. అది మూలన పడిందని గుర్తొచ్చినప్పుడల్లా కమిటీలో ఎవరో ఒకరు కొత్త పుస్తకాలు కొందామంటారు. ఆగండి. చాలాసార్లు పుస్తకాలకు కొరత ఉండదు, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే అసలు సంగతి.

ఎవరూ పుస్తకం తీసుకోవట్లేదు

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక బీరువా పక్కన నిలబడి చూడండి. జనం బయటికొచ్చే ఆ పది నిమిషాలూ అది తెరిచి ఉందా? సాధారణంగా ఉండదు. తాళం సెక్రటరీ గారి దగ్గర ఉంటుంది, ఆయనేమో లోపల కానుకలు లెక్కపెడుతుంటారు. ఆయన వచ్చేసరికి ఆటో ఎక్కేవాళ్లు ఎక్కేస్తారు, ఇంటి దగ్గర వంట ఉన్నవాళ్లు వెళ్లిపోతారు.

రెండో తాళంచెవి చేయించి, కానుకల లెక్కతో సంబంధం లేనివాళ్లకు ఇవ్వండి. ఆరాధనకు అరగంట ముందు, స్త్రీల కూడిక రోజున కూడా తెరవండి. చెప్పులు విడిచే చోట ఒక బల్ల వేసి, ఓ ఇరవై పుస్తకాలు అట్టలు కనబడేలా పరవండి. బీరువాలో తలవంచి వెతికే ఓపిక అందరికీ ఉండదు.

అప్పటికీ కదలిక లేకపోతే లోపం పుస్తకాల్లోనే ఉంది. రిటైరైన అయ్యగారు ఇచ్చిపోయిన ఇంగ్లీషు వ్యాఖ్యానాలతో అరలు నిండి ఉంటే సంఘస్థులు ఏం చదువుతారు? పెద్దక్షరాల తెలుగు పుస్తకాలు, పిల్లల బొమ్మల కథలు, జీవితచరిత్రలు చేర్చండి. గ్రూప్స్, డీఎస్సీ పుస్తకాలు పెడితే "ఇది దేవుని మందిరం" అనే పెద్దలుంటారు. నేనైతే పెట్టమనే చెబుతాను. వాటికోసం వచ్చిన కుర్రాడు పక్క అర కూడా చూస్తాడు. చూపు ఆనని పెద్దవాళ్లకు ఫోన్‌లో బైబిల్ డాట్ ఐఎస్ ఆప్ వేసివ్వండి, తెలుగు బైబిల్ ఉచితంగా వినొచ్చు.

తీసుకెళ్లినవి తిరిగి రావట్లేదు

ఇందులో దొంగతనం అరుదు, మరుపే ఎక్కువ. మీ నోట్‌బుక్ తీయండి. "మేరీ గారు - కీర్తనల పుస్తకం" అని రాసి ఉంటే తప్పు అక్కడే దొరికింది. మీ సంఘంలో మేరీలు ఎంతమంది, కీర్తనల పుస్తకాలు ఎన్ని?

ప్రతి పుస్తకానికీ వరుస నంబరు వేయండి. మొదటి పేజీలోనూ, లోపల అన్ని పుస్తకాలకూ ఒకటే ఉండేలా మీరు ఎంచుకున్న పేజీలోనూ చర్చి స్టాంపు, ఆ నంబరు ఉండాలి. అట్ట చిరిగినా పుస్తకం ఎవరిదో తెలుస్తుంది. రిజిస్టర్‌లో పేరు పక్కన ఇంటిపేరు, ఫోన్ నంబరు, పుస్తకం నంబరు రాయాలి.

గడువు పద్నాలుగు రోజులంటే ఎవరికీ గుర్తుండదు. "వచ్చే సంస్కారం ఆదివారం (ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం) తెచ్చేయండి" అనండి. మిగతా ఆదివారాలు రానివాళ్లు కూడా ఆ రోజు వస్తారు. జరిమానా మాత్రం వద్దు. పది రూపాయలకు మొహం చాటేసి, పుస్తకంతోపాటు మనిషి కూడా రాకుండా పోతారు. పేర్లు మైకులో చదవడం అంతకన్నా చెడ్డది. విడిగా ఒక మెసేజ్ చాలు: "వందనాలు అక్కా, 112 నంబరు పుస్తకం మీ దగ్గరుంది. ఇంకొకరు అడుగుతున్నారు, ఆదివారం తెస్తారా?"

అయ్యగారికి ట్రాన్స్‌ఫర్ వస్తే వీడ్కోలు సభకు ముందే రిజిస్టర్ ఒకసారి చూసుకోండి. అందరికన్నా ఎక్కువ పుస్తకాలు తీసుకునేది ఆయనే కదా!

ఉన్న పుస్తకమే దొరకట్లేదు

ఎత్తును బట్టి సర్దితే అంతే. లైబ్రరీల్లో విషయాన్ని బట్టి పుస్తకాలకు వేసే డ్యూయీ నంబర్లలో మూడంకెలు చాలు: 220 బైబిలు, 230 వేదాంతం, 240 భక్తి జీవితం, 264 ఆరాధన, 266 మిషన్లు, 268 సండే స్కూల్, 270 సంఘ చరిత్ర. దశాంశాల జోలికి పోకండి. లైబ్రరీల కోసం ఉన్న కోహా ఉచిత సాఫ్ట్‌వేరే, కానీ దాన్ని నడిపే మనిషి కావాలి. ఒక బీరువాకు గూగుల్ షీట్ సరిపోతుంది. అది చర్చి పేరున్న మెయిల్‌లో ఉండాలి. యూత్ కుర్రాడి సొంత మెయిల్‌లో ఉంటే, ఉద్యోగానికి అతను హైదరాబాద్ వెళ్లిన రోజే జాబితా కూడా వెళ్లిపోతుంది.

బూజు వాసన, రంధ్రాలు, పొడి

కోస్తాలో వానాకాలం వస్తే ఇదే టెన్షన్. దేనివల్లో గుర్తు పట్టాలి. సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రాలు, కింద పొడి ఉంటే పుస్తకాల పురుగు. అట్ట పైపొర గీకినట్టు పోతే సిల్వర్ ఫిష్. బీరువా కాళ్ల మీద మట్టి గీతలుంటే చెదలు. అప్పుడు ముందు బీరువా ఖాళీ చేయాలి, తర్వాత చెదల మందు కొట్టేవాళ్లను పిలవాలి.

బూజుకు కారణం గోడ చెమ్మ. బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, కాళ్ల కింద ఇటుకలు పెట్టండి. బూజు పట్టినవి బయట నీడలో, గాలికి ఆరనివ్వండి. పూర్తిగా ఆరాక మాస్క్ కట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులపండి. తడి మీద తుడిస్తే మరక కాగితంలోకి ఇంకుతుంది. ఎండలో పెడితే కాగితం పెళుసుబారుతుంది.

పురుగు పట్టినదాన్ని పాలిథీన్ కవర్లో గాలి లేకుండా మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా కవర్ విప్పొద్దు, విప్పితే పుస్తకం చెమ్మగిల్లుతుంది. తోలు బైండింగు, ఫొటోలు ఉన్నవాటికి ఈ పని చేయకండి. పిల్లలు కూర్చునే గదిలో కలరా ఉండలు వద్దు. చిరిగిన పేజీకి సెల్లోటేప్ అసలే వద్దు, కొన్నేళ్లకు టేపు ఊడిపోయి పసుపు మరక మిగులుతుంది.

సంచుల కొద్దీ పాత పుస్తకాలు ఇస్తున్నారు

"వద్దు" అనలేకపోవడమే కారణం. "ఇచ్చినవాటిలో ఏవి ఉంచాలో లైబ్రరీ నిర్ణయిస్తుంది" అని కమిటీ తీర్మానం రాయించండి, మీ మీద మాట పడదు. అయితే పాత కీర్తనల పుస్తకాలు, జూబిలీ సంచికలు, మిషన్ పత్రికలు తూకానికి వేయకండి. ఏమిటో తెలియకపోతే హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ లైబ్రరీనో, బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌నో అడగండి. బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు కనిపిస్తే నేరుగా అయ్యగారికి అప్పగించండి, అవి లైబ్రరీ సొత్తు కాదు.

స్కాన్ చేసి అందరికీ పంచాలనుకుంటే రచయిత చనిపోయిన ఏడాది చూడండి. మన కాపీరైట్ చట్టంలో హక్కు ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. 1960లో పోయినవారి రచనలు 2021 జనవరి 1 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

డబ్బు లేదు

ఫ్యాన్ రెక్కల మీద "జ్ఞాపకార్థం" అని పేర్లు రాయించే సంఘాలు మనవి. అదే పేరు పది పుస్తకాల మొదటి పేజీలో అంటించవచ్చని ఆ కుటుంబాలకు చెప్పండి. చెప్పేటప్పుడు కావలసిన పుస్తకాల జాబితా చేతిలో పెట్టండి, లేకపోతే మళ్లీ ఇంగ్లీషు వ్యాఖ్యానాలే వస్తాయి.