కారు వైరింగు మన చేతుల్లో, 4వ పాఠం: వెనక వైపరు, మీటరు చెప్పిన అబద్ధం

ఈ వారం రిలే గురించి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్ గురించి చెబుతానన్నాను. చెప్పడం లేదు. వెనక వైపరు తిరగకపోతే ఏం చూడాలో చెబుతూ పోయిన పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం చాలామందిని ముంచింది. "కప్లర్ ఊడదీసి మీటరు పెట్టండి, 12 వోల్టులు చూపిస్తే వైరింగు బాగున్నట్టే" అని రాశాను (కప్లర్ అంటే మోటారుకు వైర్లు తగిలించే ప్లగ్గు, మీటరు అంటే వోల్టులు కొలిచే మల్టీమీటరు). ఆ వాక్యం కొట్టేయండి. తప్పు నాదే.

దాన్ని నమ్మి పాలకొల్లు ఆయన ఒకరు, రాజోలు వైపు ఇద్దరు కొత్త మోటార్లు కొన్నారు. ముగ్గురికీ మీటరు 12 పైనే చూపించిందట. కొత్త మోటారు బిగించినా ముగ్గురి వైపర్లూ చలించలేదు. రాజోలు వాళ్లలో ఒకాయన ఫోన్ చేసి "మాస్టారూ, మీ పాఠం ఫీజు రెండు వేల ఆరొందలు పడిందండీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇంకొకాయన మాటిమాటికీ ఫ్యూజ్ పోతోందని నీలం రంగు 15 ఆంపియర్లది తీసేసి, ఆకుపచ్చ 30 ఆంపియర్లది పెట్టారు. దీనికి నా పాఠంతో సంబంధం లేదు. ఫ్యూజ్ పెద్దది పెడితే అది నిలబడుతుంది, కాలేది వైరు. వెంటనే తీసేయండి.

ఇక మీటరు సంగతి. దీన్ని కాస్త సాగదీసి చెబుతాను, ఓపిక పట్టండి.

కాలువ చివర ఉండే మన శివారు రైతుల బాధ మీకు తెలిసిందే. ధవళేశ్వరంలో ఆనకట్ట 1852లోనే పూర్తయినా, వాళ్ల గొడవ ఇవాళ్టికీ తీరలేదు. బోదె మధ్యలో గుర్రపుడెక్క పట్టేసి, నీళ్లు పోయే దారి నాలుగు వేళ్ల సందు అయిందనుకోండి. చివర చేను గండి మూసి ఉంచితే ఏమవుతుంది? ఆ సందులోంచే మెల్లగా ఊరి, తెల్లారేసరికి బోదె నిండుగా కనిపిస్తుంది. కర్ర ముంచి లోతు చూస్తే పైనా కిందా ఒకటే. గండి తెరవండి. పది నిమిషాల్లో బోదె అడుగు కనిపిస్తుంది. నీళ్లు ఎంత లోతు ఉన్నాయన్నది ఒక లెక్క, ఎంత పారతాయన్నది ఇంకో లెక్క.

మీటరు ఆ లోతు చూసే కర్ర. మామూలు డిజిటల్ మీటరు లోపల కోటి ఓముల నిరోధం ఉంటుంది. 12 వోల్టుల దగ్గర అది లాగే కరెంటు ఆంపియరులో పది లక్షల వంతు కంటే ఇసుమంత ఎక్కువ. వైరులో పాతిక పోగులు తెగి ఒక్కటే మిగిలినా ఆ మాత్రం కరెంటు పోతుంది, మీటరు దర్జాగా 12 చూపిస్తుంది. దారిలో ఒక జాయింటు చిలుము పట్టి 5 ఓములు అయిందనుకుందాం. మోటారు ఒక్క ఆంపియరు లాగినా 5 వోల్టులు ఆ జాయింటు దగ్గరే పోతాయి. మీటరుకు మాత్రం ఆ 5 ఓములు ఉన్నట్టే తెలియదు. కారులో వెనక వైపరు శివారు చేను. బ్యాటరీ ముందెక్కడో బానెట్ కింద, ఇది డిక్కీ తలుపు మీద. ఇంత దూరం వచ్చేదాన్ని కప్లర్ ఊడదీసి కొలిస్తే, గండి మూసి లోతు చూసినట్టే.

అందుకని మీటరు పక్కన పెట్టి బల్బు తీసుకోండి. బ్రేకు లైటుకు వేసే 12 వోల్టుల 21 వాట్ల బల్బు. హోల్డరుకు రెండు మూరల వైర్లు, చివర మొసలి క్లిప్పులు. ఇది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది, అంటే గండి తెరిచినట్టే. షాపులో దొరికే స్క్రూడ్రైవర్ లాంటి టెస్టర్లు నాకు నచ్చవు. కొన్నింటిలో ఎల్‌ఈడీ ఉంటుంది, అది కూడా మీటరు లాంటి అబద్ధాలకోరే. ఒక్క జాగ్రత్త: ఈ పద్ధతి పాత కార్లకే. కంప్యూటర్ బాక్సు నుంచి మోటారుకు సిగ్నల్ వెళ్లే కొత్త కార్లలో ఈ బల్బు పెట్టకండి.

డిక్కీ తలుపు లోపలి అట్ట ఎలా తీయాలో నేను చెప్పను, క్లిప్పులే కదా. కప్లర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి, స్విచ్ వేసి, బల్బు ఒక క్లిప్పు మోటారు తిరిగే వైరుకు, రెండోది కప్లర్లోనే ఉన్న ఎర్త్ వైరుకు, అంటే కరెంటు తిరిగి కారు బాడీకి పోయే వైరుకు పెట్టండి. బల్బు నిండుగా వెలిగితే దారి బాగున్నట్టు, ఇక మోటారును అనుమానించవచ్చు. కొన్ని కార్లలో వెనక వైపరు ఆగి ఆగి తిరుగుతుంది, వాటిలో బల్బు కూడా ఆగి ఆగి వెలుగుతుంది, కంగారు పడకండి. బల్బు గుడ్డిగా వెలిగినా, అసలు వెలగకపోయినా, ఎర్త్ క్లిప్పు తీసి కారు బాడీలో రంగు లేని బోల్టుకు పెట్టండి. ఇప్పుడు భగ్గుమంటే లోపం ఎర్త్ వైరులో ఉంది. అప్పటికీ గుడ్డిగానే ఉంటే లోపం వచ్చే దారిలో ఉంది.

రెండింట్లో ఏదైనా సరే, మొదట చూడాల్సిన చోటు ఒకటే. డిక్కీ తెరిస్తే పైన కప్పుకూ తలుపుకూ మధ్య నల్లటి రబ్బరు గొట్టం ఒకటి వేలాడుతుంది. వైర్లన్నీ అందులోంచే వెళతాయి. తలుపు ఎత్తిన ప్రతిసారీ అవి ఒకే చోట వంగుతాయి. భీమవరం వైపు రొయ్యల చెరువులకు తిరిగే కార్లలో మేత బస్తాలకోసం డిక్కీ రోజుకు పదిసార్లు ఎత్తుతారు. ఎక్కువగా అవే నా దగ్గరికి వస్తాయి. నరసాపురం, అంతర్వేది వైపైతే ఉప్పు గాలి అదనం.

రబ్బరు గొట్టం రెండు కొసలూ ఊడదీసి వెనక్కి జరపండి. ఒక్కో వైరునూ రెండు వేళ్లతో పట్టుకుని మెత్తగా లాగండి. బాగున్న వైరు సాగదు. లోపల రాగి తెగినది జంతికల పిండిలా సాగుతుంది, పైతొడుగు మాత్రమే మిగిలింది గనక. పోయిన నెల ఒక కారులో వైరు పైకి నున్నగా, కొత్తదానిలా ఉంది. లాగితే అర అంగుళం సాగింది. బ్లేడుతో చీరితే లోపల రాగికి బదులు పచ్చటి చిలుము పొడి రాలింది, దాని మధ్య వెంట్రుకలాంటి పోగు ఒక్కటి మెరిసింది. మీటరుకు 12 వోల్టులు అందించింది ఆ వెంట్రుకే.

తెగిన చోట మెలిపెట్టి నల్ల టేపు చుట్టే వాళ్లంటే నాకు మంట. మన చెమట గాలికి ఆ టేపు ఒక వానాకాలం దాటేసరికి జారి జిగురవుతుంది. తెగిన భాగం పూర్తిగా కోసేసి, మెత్తటి సన్నపోగుల వైరు కొత్త ముక్క వేయండి. జాయింట్లు రబ్బరు గొట్టం లోపల కాకుండా రెండు వైపులా బయట పడాలి. సోల్డర్ చేసి, వేడికి బిగిసే స్లీవ్ తొడగండి. ఒక్కటి తెగిందంటే పక్కవీ వరసలో ఉన్నాయని అర్థం, నేనైతే అన్నీ ఒకేసారి మార్చేస్తాను.

బల్బు నిండుగా వెలిగి, మోటారు మాత్రం మూలుగుతూ తిరగకపోతే ఇరుసు పట్టేసి ఉండొచ్చు. అల్యూమినియం గూట్లో ఇనుప ఇరుసు, పైనుంచి కారే నీళ్లు, మధ్యలో తెల్లటి పొడి. చేత్తో తిప్పి చూసి "బిగిసిపోయింది" అనుకోకండి. లోపల వర్మ్ గేరు ఉంటుంది, అంటే మోటారు వైపు నుంచి తిప్పితేనే ఇరుసు తిరిగే పళ్ల చక్రం, బాగున్న మోటారు ఇరుసు కూడా చేత్తో తిరగదు. ఇరుసు మీద సుత్తి అసలు వేయొద్దు. వైపరు చెయ్యి రాకపోతే స్క్రూడ్రైవర్ అద్దానికి ఆనించి ఎత్తొద్దు, వెనక అద్దం పగిలితే జొన్నలు పోసినట్టు మొత్తం రాలుతుంది. నట్టు వదులు చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేసి, పొద్దున అటూ ఇటూ ఊపండి. తీసేముందు అద్దం మీద చెయ్యి ఆగే చోట టేపు ముక్క అంటించడం మరవకండి.

వైపరు తిరుగుతుంది గానీ అద్దం మధ్యలో ఆగిపోతుందని అడిగిన వాళ్లకు: స్విచ్ ఆపాక చెయ్యిని దాని చోటికి చేర్చే పార్కింగు వైరుకు కరెంటు రావడం లేదేమో చూడండి. అదీ ఆ రబ్బరు గొట్టంలోంచే వస్తుంది.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టం. ఇద్దరు కావాలి. మరమ్మతు అయ్యాక బల్బును కప్లర్‌కు తగిలించి వెలగనిచ్చి, ఒకరు డిక్కీని చాలా నెమ్మదిగా ఇరవైసార్లు ఎత్తి దించాలి, ఇంకొకరు బల్బునే చూడాలి. ఒక్కసారి మినుకుమన్నా పని అవలేదన్నమాటే. తర్వాత కప్లర్ పెట్టేసి, వైపరు తిరుగుతుండగా మీటరుతో మూడు అంకెలు రాయండి: బ్యాటరీ మీద వోల్టులు, కప్లర్ వెనక నుంచి మోటారు దగ్గర వోల్టులు, మోటారు ఎర్త్‌కూ కారు బాడీకీ మధ్య వోల్టులు. మూడోది 0.2 దాటితే ఎర్త్ బోల్టు విప్పి, కింద రంగు గీకి, మళ్లీ బిగించి, మళ్లీ కొలవండి. అద్దం తడిపి తిప్పండి, పొడి అద్దం మీద కొలిస్తే లెక్కలోకి రాదు. ఆ అంకెలు నాకు పంపండి, రిలే పాఠం వాటితోనే మొదలుపెడతాను. మోటార్లు కొన్న ముగ్గురూ కొత్తవి పెట్టెలో పెట్టి ఉంచండి, పాతవాటినే ముందు బిగించి చూడండి.