వత్తులు విడిపోకుండా చదువు యాప్‌ను సరిచేసిన తీరు

పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్ల పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా చదువుతారు, తెలుగు ఇంట్లో నేర్చుకుంటారు. వారి కోసం ఒక పఠన యాప్‌ను తిరిగి రూపొందించే పని నాకు వచ్చింది. అసలు చిక్కు అక్షరాల దగ్గరే ఉంది. కథ వినిపిస్తున్నప్పుడు ఒక్కో అక్షరం రంగు మారాలి. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం, కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో మాత్రం ఆరు సంకేతాలు. పాత యాప్ ఒక్కో సంకేతానికి విడిగా రంగు వేయడంతో వత్తులు ఊడి ముక్కలయ్యేవి. కూడబలుక్కుని చదివే పిల్లలకు ఇది అన్యాయం.

యూనికోడ్‌లో వత్తు అంటే పొల్లు గుర్తు, దాని వెనుక హల్లు. అందుకే పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ విడిపోకూడదని నియమం రాశాను. గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ ముందున్న అక్షరంతోనే కదులుతాయి. వరుసల మధ్య ఎడం పెంచాను, లేకపోతే కింది వత్తులు తెగిపోతాయి.

ఉపాధ్యాయులకు మార్కుల పట్టికలు తీసేసి, ఏ విద్యార్థి ఏ పదం దగ్గర ఆగాడో చూపే ఒకే తెర ఇచ్చాను. వారికి నిజంగా పనికొచ్చేది అదే. కొండ ఊళ్లలో సిగ్నల్ నిలకడగా ఉండదు కనుక కథలు ముందే ఫోనులోకి దిగుతాయి.

ఒడియా కథలకూ అదే నియమం సరిపోయింది, పొల్లు సంకేతం ఒక్కటే మార్చాను.