ఆరోగ్యం బాగాలేని ముసలి కుక్కను కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని చూసుకోవడం ఎలా?

కాపాడి తెచ్చిన కుక్కల్లో పిల్లకుక్కలు త్వరగానే ఎవరో ఒకరి ఇంటికి చేరుతాయి. షెడ్డులో మిగిలిపోయేవి ఎనిమిదేళ్లు దాటినవి, రోజూ మందులు వేయవలసినవి. వాటికి శాశ్వతమైన ఇల్లు దొరికేవరకో, చికిత్స పూర్తయ్యేవరకో మన ఇంట్లో చోటివ్వడాన్నే ఫోస్టరింగ్ అంటున్నారు. హైదరాబాద్‌లో 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్, విశాఖపట్నంలోని వీఎస్‌పీసీఏ వంటి జంతు సంరక్షణ సంస్థల దగ్గర, లేదా మీ ఊళ్లో ఈ పని చేస్తున్నవారి దగ్గర వాకబు చేయవచ్చు. ఇందుకు పశువైద్యం తెలిసి ఉండనక్కరలేదు. రోజూ ఒకే కుక్కను శ్రద్ధగా గమనించి, చూసింది చూసినట్టు రాసిపెట్టగల ఓపిక మాత్రం తప్పనిసరిగా ఉండాలి.

1. ముందే కాగితంపై రాయించుకోండి

మందులకు, పరీక్షలకు డబ్బు ఎవరు ఇస్తారు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అర్ధరాత్రి పరిస్థితి విషమిస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఆపరేషన్‌కు అనుమతి ఎవరు ఇవ్వాలి, ఎన్నాళ్లు ఉంచుకోవాలి అన్నవి కుక్క గడప దాటి లోపలికి రాకముందే తేలిపోవాలి. బాధ ఇక తగ్గదని వైద్యులు తేల్చినప్పుడు నొప్పి లేకుండా ప్రాణం పోయేలా ఇంజెక్షన్ ఇప్పించే నిర్ణయం ఎవరిదన్నది కూడా అడగాలి. అడగడానికి నోరు రాదు, నిజమే. కానీ ఆ రోజు వచ్చాక ఈ చర్చ మొదలుపెడితే కుక్క గంటల తరబడి బాధపడుతుంది.

అపార్ట్‌మెంట్‌లో పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం నివాసుల సంఘానికి లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. అయినా పక్కింటివారికి ముందుగా ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

2. నేలను సిద్ధం చేయండి

మన ఇళ్లలోని గ్రానైట్, టైల్స్ నేలలు కీళ్లు అరిగిన కుక్కకు పెద్ద శత్రువులు. ఒకసారి కాళ్లు జారి పడిన కుక్క ఆ తర్వాత లేవడానికే భయపడుతుంది. పడుకునే చోటి నుంచి నీళ్ల గిన్నె వరకు, అక్కడి నుంచి గుమ్మం వరకు రబ్బరు చాపలు గాని, పాత యోగా చాపలు గాని దారిలా పరచాలి. పడక కోసం దళసరి బొంత వేసి, దానిపై రెగ్జిన్ షీటు, ఆ పైన పాత చీర పరిస్తే, మూత్రం ఆపుకోలేని కుక్క ఉన్నా శుభ్రం చేయడం తేలిక. చూపు తగ్గిన కుక్క ఉంటే సామాన్లు జరపకూడదు.

3. తొలి పరీక్షలు, తొలి రెండు వారాలు

వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తపరీక్ష, మూత్రపరీక్ష, పళ్ల తనిఖీ చేయించాలి. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాలు ఎక్కువ కాబట్టి ప్లేట్‌లెట్ల సంఖ్య కూడా చూడమని అడగండి. ప్రైవేటు ఆసుపత్రి ఖర్చు భారమైతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులను సంప్రదించవచ్చు. మీ ఇంట్లో ఇప్పటికే కుక్క ఉంటే దాని టీకాలన్నీ పూర్తయ్యాయో లేదో చూసుకుని, రెండు వారాల పాటు రెండింటినీ వేర్వేరు గదుల్లో, వేర్వేరు గిన్నెలతో ఉంచాలి.

కొత్తగా వచ్చిన కుక్కను తొలి రోజుల్లో ముద్దుచేయవద్దు, స్నానం చేయించవద్దు, చూడటానికి బంధువులను పిలవవద్దు. అన్నం, మందు, బయటికి తీసుకెళ్లడం రోజూ ఒకే వేళకు జరిగితే దానికి ధైర్యం వస్తుంది. భయంలోనో నొప్పిలోనో కరిస్తే, గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, కుక్కకు టీకా వేయించి ఉన్నా సరే ఆసుపత్రికి వెళ్లి మీరు రేబిస్ టీకా వేయించుకోవాలి.

4. "వయసైపోయింది" అన్న మాటను నమ్మకండి

ఈ పని మొత్తంలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది ఇదే. ముసలి కుక్క ఎక్కువసేపు పడుకున్నా, మెట్లు ఎక్కకపోయినా, తాకితే గుర్రుమన్నా వయసు వల్లేనని సరిపెట్టుకుంటాం. మా ఇంటికి వచ్చిన పదకొండేళ్ల లాబ్రడార్‌ను అందరూ ముభావమైన కుక్క అన్నారు. పుచ్చిన రెండు దవడపళ్లు తీయించిన వారానికే అది బంతి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. కుక్కలు నొప్పికి మూలగడం తక్కువ. లేవడానికి ముందు తటపటాయించడం, ఒకేచోట నాకుతూ ఉండటం, గిన్నె మీదికి తల వంచడానికి వెనకాడటం, నోటికి ఒక పక్కనే నమలడం, రాత్రిళ్లు ఊరికే తిరగడం నొప్పికి గుర్తులు కావచ్చు.

కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టండి. తిన్నది ఎంత, తాగిన నీళ్లు ఎన్ని, మూత్రం ఎన్నిసార్లు, విరేచనం ఎలా ఉంది అన్నవి తేదీలతో రాయండి. నీళ్లను కొలిచి పోయడం చాలా ఉపయోగపడుతుంది. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే మూత్రపిండాల జబ్బు, మధుమేహం, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు వంటివాటి కోసం పరీక్షించాలి. గర్భసంచి తీయని ఆడకుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు ఇలా ఎక్కువ నీళ్లు తాగుతూ నీరసపడితే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. ఆ పరిస్థితిలో మర్నాటి దాకా ఆగకూడదు.

గుండెజబ్బు ఉన్న కుక్క గాఢనిద్రలో ఉన్నప్పుడు ఛాతీ లేచి దిగడాన్ని ఒకటిగా లెక్కపెట్టాలి. నిమిషానికి 30 దాటుతూ ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదేమోనని అనుమానించి వెంటనే వైద్యులకు చెప్పాలి. రెండు వారాలకొకసారి బరువు చూడాలి. చిన్న కుక్కనైతే ఎత్తుకుని తూకంపై నిలబడి, మీ బరువు తీసేస్తే చాలు. నడకలో తేడా ఉంటే ఫోన్‌లో వీడియో తీయండి, ఎందుకంటే ఆసుపత్రి బల్ల మీద భయంతో ఏ కుక్కా కుంటదు.

5. మందులు

పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వంటి మన మాత్రలు కుక్కకు వేయకూడదు. స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకు మెలాక్సికామ్ వంటి నొప్పి మందు కలిపితే కడుపులో పుండ్లు పడి రక్తం పోయే ప్రమాదం ఉంటుంది. అందుకని వాడుతున్న మందులన్నిటి పేర్లూ ప్రతి వైద్యుడికీ చూపాలి. స్టెరాయిడ్‌ను, మూర్ఛ మందును అర్ధాంతరంగా ఆపకూడదు. పిడుదు జ్వరానికి ఇచ్చే డాక్సీసైక్లిన్‌ను పెరుగన్నంలో దాచి పెడితే మందు సరిగా ఒంటబట్టదు; గుడ్డు ముక్కలోనో కోడిమాంసం అన్నం ముద్దలోనో పెట్టి, గొంతులో ఇరుక్కోకుండా వెంటనే కొంచెం నీళ్లు తాగించాలి. ఇన్సులిన్ 12 గంటల తేడాతో, తిన్న తర్వాతే ఇస్తారు. కుక్క తినకపోతే మామూలు మోతాదు వేయకుండా వైద్యులకు ఫోన్ చేయాలి. ఇన్సులిన్ తర్వాత తూలిపోతే చిగుళ్లకు తేనె రాసి ఆసుపత్రికి బయలుదేరాలి.

6. ఆహారం

ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషంతో సమానం. ఊరగాయ కలిపిన అన్నం, వేపుళ్ల నూనె కూడా వద్దు. మూత్రపిండాల జబ్బుకు వైద్యులు చెప్పిన ఆహారం ఒక్కటే పెట్టాలి.

7. ఆలోచించకుండా బయలుదేరవలసిన సందర్భాలు

చిగుళ్లు తెల్లగానో నీలంగానో మారడం, మూర్ఛ ఐదు నిమిషాలు దాటడం, మూత్రం రాక ముక్కడం, కడుపు ఉబ్బి వాంతి రాకుండా ఓకరించడం అలాంటివే. వేసవి మధ్యాహ్నం వడదెబ్బ తగిలితే ముందు చల్లటి నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, తర్వాత తీసుకెళ్లాలి.

8. అప్పగించే రోజు

దత్తతకు వచ్చినవారికి జబ్బులను దాచకుండా, తగ్గించకుండా చెప్పాలి. నెలకు మందులకయ్యే ఖర్చు అంకెల్లో చెప్పాలి. ఆ మాట విని వెనక్కి వెళ్లేవారు కొన్నాళ్లకు కుక్కను తిరిగి వదిలేయడం కంటే ఇప్పుడే వెళ్లిపోవడం నయం. మీ నోట్‌బుక్, రిపోర్టులు, వారానికి సరిపడా మందులు, అలవాటైన ఆహారం ఇచ్చి పంపండి. అది ఇన్నాళ్లూ పడుకున్న బొంతను ఉతకకుండా అలాగే ఇవ్వండి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి దానికి తెలిసిన వాసన అదొక్కటే.