మోడల్ విమానానికి వేసిన రంగు పెచ్చులూడకుండా నిలవాలంటే ఏం చేయాలి?

మిగ్-21 మన వైమానిక దళంలో 1963లో చేరింది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో దానికి వీడ్కోలు చెప్పారు. ఆ వారమే, ఒంగోల్లో మా ఇంటి బీరువాలో రెండేళ్లుగా పడున్న 1/72 (అసలు దానిలో 72వ వంతు) మిగ్ మోడల్ కిట్టు కిందికి దించాను. రోజూ రాత్రి కూర్చుని అతికించాను, రంగుకు ముందు వేసే అడుగు పూత, అంటే ప్రైమర్ కొట్టాను, దాని మీద వెండి రంగు వేశాను. ముక్కున ఉండే ఆకుపచ్చ కోను కోసం టేపు చుట్టి, ఆకుపచ్చ రంగు వేసి, ఆరాక టేపును మెల్లగా లాగాను. టేపుతో పాటే వెండి రంగు, దాని కింది ప్రైమర్ కూడా లేచి వచ్చేశాయి. అడుగున బోసి ప్లాస్టిక్. ప్రైమర్ మంచిది కాదనుకుంటూ ఆ టేపును లైటు కింద పెట్టి చూశాను. ఊడొచ్చిన పెచ్చు వెనకవైపు నా బొటనవేలి గీతలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

తప్పు ప్రైమర్‌ది కాదు. దాని కింద నేను వదిలేసిన జిడ్డుది. రంగు ఊడిన ప్రతిసారీ ముందు చూడాల్సింది దాని అడుగున ఏముందన్నదే.

గోడ రంగును పీల్చుకుంటుంది, చెక్కా పీల్చుకుంటుంది. కిట్లు తయారయ్యే పాలిస్టైరీన్ ప్లాస్టిక్ ఏమీ పీల్చుకోదు. తామరాకు మీద నీటిబొట్టులా రంగు పైపైనే ఉండిపోతుంది. దానికి పట్టు దొరకడానికి రెండే దారులు: ఉపరితలం సన్నగా గరుకుగా ఉండాలి, లేదా ప్రైమర్‌లోని ద్రావకం ప్లాస్టిక్‌ను పైపైన కాస్త మెత్తబరిచి అందులోకి దిగాలి. మధ్యలో నూనె, ఉప్పు, దుమ్ము ఉంటే రెండూ జరగవు.

మొదటి పని: కడగడం

అచ్చులోంచి ముక్కలు తేలిగ్గా ఊడిరావడానికి ఫ్యాక్టరీలో ఒక జారుడు పదార్థం వాడతారు. అది కొంచెమైనా ముక్కల మీద మిగులుతుంది. రెజిన్ (పోతపోసే మరో రకం ప్లాస్టిక్) ముక్కల మీద మరీ ఎక్కువ. ముక్కలన్నీ కలిసి ఉండే ఫ్రేములోంచి కోయకముందే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో, రేకుల అతుకుల్లా కనిపించే ప్యానెల్ గీతల వెంట రుద్దండి. నీళ్లు మరీ వేడిగా ఉంటే సన్నటి రెక్కలు వంకర పోతాయి.

ఇక్కడ మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఒంగోలు, కొత్తపట్నం, అటు నెల్లూరు తీరం పొడవునా చాలా ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే ప్లాస్టిక్ మీద తెల్లటి చారలు మిగులుతాయి. ఆ చారల మీద రంగు వేస్తే ఏమవుతుందో తెలియాలంటే, పాతబడిన విమానంలా చూపించడానికి మోడలర్లు చేసే ఒక పని గుర్తుచేసుకోండి. తడి ఉపరితలం మీద కావాలనే ఉప్పు పలుకులు చల్లి, పైన రంగు కొట్టి, ఆరాక రుద్దేస్తారు. ఉప్పు ఉన్న చోటల్లా రంగు లేచిపోతుంది. మనం బోరు నీళ్లతో అదే పని తెలియక చేస్తున్నాం. కాబట్టి చివరి కడుగు మాత్రం తాగే క్యాను నీళ్లతో చేయండి. ఒక చెంబెడు చాలు. గుడ్డతో తుడవకుండా జల్లెడలో పరిచి ఆరనివ్వండి.

అతికించడం, లప్పం పెట్టడం, రుద్దడం అయ్యేసరికి మోడల్ మళ్లీ చేతి జిడ్డుతో, దుమ్ముతో నిండిపోతుంది. చాలామంది మర్చిపోయేది ఈ రెండో శుభ్రతే. నా వేలిగీతలు మిగిలింది కూడా ఇక్కడే. తలకు నూనె రాసుకున్న చెయ్యి, దోసె తిన్న చెయ్యి సబ్బుతో కడుక్కున్నా కొంత జిడ్డు ఉంటుంది. మొబైల్ రిపేరు షాపుల్లో బోర్డులు తుడవడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకుని, నూలు పోగులు రాలని గుడ్డతో ఒక్కసారి తుడవండి. ఆ తర్వాత చేతితొడుగు లేకుండా మోడల్‌ను ముట్టుకోకండి. కాక్‌పిట్ అద్దానికి మాత్రం ఆల్కహాల్ వద్దు, సబ్బు నీళ్లు చాలు.

రెండో పని: గరుకు చేయడం

1000 నుంచి 1500 నంబరు వాటర్ పేపర్‌ను తడిపి, మెరుపు పోయేంతవరకు తేలిగ్గా రుద్దితే సరిపోతుంది. లప్పం పెట్టిన చోట 400తో మొదలుపెట్టి పైకి వెళ్లాలి. రాగి, ఇత్తడి రేకు ముక్కలుంటే అవీ రుద్ది, లోహానికి పనికొచ్చే ప్రైమర్ వేయాలి.

మూడో పని: ప్రైమర్ ఎంపిక

నా ఓటు ఘాటైన ద్రావకంతో వచ్చే ల్యాకర్ ప్రైమర్‌కే. మిస్టర్ సర్ఫేసర్, తమియా సర్ఫేస్ ప్రైమర్ లాంటివి ప్లాస్టిక్‌లోకి దిగి పట్టుకుంటాయి. వల్లేజో లాంటి నీటి ప్రైమర్లకు ఘాటు తక్కువ, పిల్లలున్న ఇంట్లో అవే మేలు. కానీ అవి ప్లాస్టిక్ మీద తొడుగులా కూర్చుంటాయి తప్ప లోపలికి దిగవు. గంటలో ఆరినట్టు కనిపించినా, కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు కదపకుండా ఉంచాలి. లేకపోతే టేపుకు అంటుకుని రబ్బరు పొరలా సాగి వస్తాయి.

కార్లకు రంగులు వేసే షాపులో దొరికే ప్రైమర్, రంగును పలచన చేసే ఎన్‌సీ థిన్నర్ చవగ్గా వస్తాయని ఆశపడకండి. ఆ ద్రావకం ఘాటుకు సన్నటి గీతలన్నీ కరిగిపోతాయి. వాడక తప్పకపోతే ముందు ఖాళీ ఫ్రేము ముక్క మీద కొట్టి చూడండి. ల్యాకర్ కొట్టేటప్పుడు కిటికీలు తెరిచి, ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకోండి. గ్యాస్ పొయ్యి, దేవుడి దీపం ఉన్న గది పక్కన అసలు వద్దు.

నాలుగో పని: రోజు, వేళ చూసుకోవడం

దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, మన దగ్గర సగం తంటా ఇక్కడే. కార్తీక మాసంలో ముసురు పట్టినప్పుడు ల్యాకర్ కొడితే పొర మీద పాలు కలిపినట్టు తెల్లటి మసక వస్తుంది. ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ నీరై పేరుకుంటుంది. రోహిణి కార్తెలో పడమటి గాలి వీచేటప్పుడు దీనికి తలకిందులు: రంగు తుంపర మోడల్‌ను చేరకముందే గాలిలో ఆరిపోయి, పొడిగా వచ్చి పడుతుంది. వేలితో రాస్తే సన్నటి ఇసుకలా గరగరలాడుతుంది. ఆ పొడికి పట్టేమీ ఉండదు, పై రంగుతో సహా రాలిపోతుంది.

నేను ఉదయం పది నుంచి పన్నెండు మధ్యలో కొడతాను. అప్పటికి తెల్లవారుజాము తేమ తగ్గుతుంది, సముద్రపు గాలి ఇంకా ఊరిలోకి రాదు. ఎండాకాలమైతే థిన్నర్‌లో ఆరుదల ఆలస్యం చేసే రిటార్డర్ కొద్దిగా కలిపి, రంగును గాలితో తుంపరగా కొట్టే ఎయిర్‌బ్రష్‌ను ఇంకాస్త దగ్గరగా పట్టుకోవాలి. దానికి గాలినిచ్చే కంప్రెసర్‌కు నీటిని పట్టే సీసా తప్పనిసరి, వానాకాలంలో గంటకోసారి దాన్ని వంచెయ్యండి.

ఐదో పని: కొట్టడం, ఆగడం, పరీక్షించడం

కంప్రెసర్ మీటరులో 15 నుంచి 20 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి, అయిదు నుంచి పది సెంటీమీటర్ల దూరం. మొదటి పూత పలచగా, కింది ప్లాస్టిక్ ఇంకా కనిపించేలా. పది నిమిషాలాగి రెండోది, తర్వాత మూడోది. పూత పడిన క్షణం తడిగా మెరిసి, వెంటనే మెరుపు తగ్గితే సరిగ్గా పడుతున్నట్టు. ఒకేసారి మందంగా కొడితే పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పచ్చి రంగు మీద ఘాటైన రంగు పడితే ముడతలు పడి చిట్లుతుంది కూడా. అందుకే ల్యాకర్ అడుగున, అక్రిలిక్ (నీటి రకం) మధ్యలో, ఎనామెల్ (నూనె రకం) పైన అన్న వరస పాటిస్తే మంచిది.

ఒక రాత్రి ఆరాక రెక్క అడుగున ఎవరికీ కనపడని చోట టేపు ముక్క అంటించి లాగి చూడండి. 2024 మార్చిలో కొరిసపాడు దగ్గర హైవే మీద దిగిన వైమానిక దళ రవాణా విమానం ఏఎన్-32 గుర్తుగా, ఈ మిగ్ తర్వాత అదే విమానం మొదలుపెట్టాను. దాని రెక్కల కింద మూడు చోట్ల ఇలా చూశాకే పై రంగుకు వెళ్లాను. ఒక చోట కొసంత లేచింది. అక్కడ లప్పం దుమ్ము మిగిలిపోయింది. ఆ దశలో దొరికింది కాబట్టి పావుగంటలో సరిచేశాను.

టేపు విషయం

స్టేషనరీ షాపు మాస్కింగ్ టేపుకు జిగురు ఎక్కువ. మోడళ్ల కోసం వచ్చే పలచటి కాగితపు టేపు కొనండి, దాన్నీ ముందు అరచేతి వెనక రెండుసార్లు అంటించి జిగురు తగ్గించండి. రంగు చేతికి అంటనంతగా ఆరగానే తీసెయ్యాలి. మే నెల వేడికి రాత్రంతా వదిలేస్తే జిగురు మోడల్ మీదే ఉండిపోతుంది. పైకి లాగకండి. టేపును దాని మీదికే వెనక్కి మడిచి, నేలబారుగా, నిదానంగా లాగాలి.

అయినా ఊడితే

మొత్తం గీకెయ్యనక్కర్లేదు. ఊడిన చోటు అంచులను తడిపిన 1500 వాటర్ పేపర్‌తో రుద్దండి. గోరు పోనిస్తే మెట్టు తగలకూడదు. ఆల్కహాల్ గుడ్డను గట్టిగా పిండి ఆ మచ్చ వరకే ఒక్కసారి అద్దండి. ఎక్కువ రుద్దితే పక్కనున్న అక్రిలిక్ కూడా వచ్చేస్తుంది. మళ్లీ ప్రైమర్ పలచగా రెండు పూతలు, దాని మీద రంగు. నా మిగ్ ముక్కు ఇలాగే బాగుపడింది. ఆ మచ్చ మీద మాత్రం రెండు రాత్రులు గడిచాకే మళ్లీ టేపు వేశాను.